మూల కత్తిరించని అట్ట

మార్చి 3, సోమవారం

ఈ డైరీ కొని ఏడాదయింది. మొదటి పేజీలో పేరు కూడా రాసుకోలేదు. ఇవాళ ఏదో ఒకటి రాయకపోతే ఎవరినైనా కొట్టేస్తానేమోనని భయంగా ఉంది.

స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్ నవ్వుతూ చెప్పాడు. ఆ మనిషి దేనికైనా నవ్వుతాడు. సంతాప సభలో కూడా నవ్వాడు, నేను చూశాను. వచ్చే ఏడాది నుంచి గ్రామర్ పీరియడ్ ఉండదట. ఆ గంటలో పిల్లల చేత ఇంగ్లీషు మాట్లాడిస్తారట. మాట్లాడించేది పోయినేడు చేరిన కొత్త టీచరు.

"తప్పుగా అనుకోకండి మేడం. 'హి గో' అన్నా 'హి గోస్' అన్నా విషయం అర్థమవుతుంది కదా. కర్తకీ క్రియకీ పొత్తు కుదిరిందా లేదా అని ఈ రోజుల్లో ఎవరు చూస్తున్నారండీ?"

ఎవరు చూస్తున్నారా? నేను చూస్తున్నాను. ఇరవై ఏడేళ్లుగా చూస్తూనే ఉన్నాను. ఈ ప్రిన్సిపాల్ నాకు పంపే సర్క్యులర్లు కూడా చూస్తున్నాను. అందులో ప్రతి మూడో వాక్యంలో కర్త ఒక దారి, క్రియ ఒక దారి. ఎర్ర పెన్నుతో దిద్ది తిరిగి పంపాలని ఎన్నిసార్లు చెయ్యి దురద పెట్టిందో నాకే తెలుసు. ఈ మాటలన్నీ మీటింగులో అనాల్సింది. ఇప్పుడు ఇంటికొచ్చి కాగితం మీద అరుస్తున్నాను.

రేపు మా స్కూలు ఊడ్చే ఆయమ్మకి పరీక్ష. మా మేనేజ్‌మెంటుకి నాలుగు స్కూళ్లున్నాయి. ఊడ్చేవాళ్లకీ, గంట కొట్టేవాళ్లకీ మూడేళ్లకోసారి పరీక్ష పెట్టి, మొదట వచ్చినవాళ్లకి ఆఫీసులో కుర్చీ ఇస్తారు. నలభై అయిదు దాటితే రాయనివ్వరు. ఆయమ్మకి నలభై నాలుగు. మూడంతస్తులు బకెట్లు మోసి మోసి మోకాళ్లు అరిగిపోయాయి. ఈసారి రాకపోతే రిటైరయ్యేదాకా ఆ బకెట్లే.

ఏడాదిగా మధ్యాహ్నం అన్నాల గంటలో చాక్‌పీసుల గదిలో కూర్చోబెట్టి చెప్పాను. మొదట్లో నా ప్రాణం తీసింది. 'ఎ బంచ్ ఆఫ్ కీస్' తర్వాత 'ఈజ్' రావాలంటే ఒప్పుకోదే! నడుముకున్న తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టి, "ఇవి పదిహేడున్నాయి కదండీ, ఒకటంటారేంటి?" అని నాతో వాదన.

"గుత్తి ఎన్ని?"

"గుత్తి ఒకటే."

"వాక్యం గుత్తి గురించా, తాళాల గురించా?"

చాలాసేపు గుత్తిని చూసింది. "మరి మీ ఇంగ్లీషువాళ్లు గుత్తి వెనకాల ఇన్ని తాళాలు తగిలించి మనల్ని కంగారు పెట్టడమెందుకండీ?" అంది. అది కుదిరాక మిగతావన్నీ చకచకా వచ్చేశాయి. నేను చెప్పే తొమ్మిదో తరగతిలో అలాంటి బుర్ర ఒక్కటి లేదు.

ఆయమ్మ పాసవ్వాలి. అప్పుడు అడుగుతాను, గ్రామర్ ఎవరికి కావాలో.

మార్చి 4

పరీక్ష అయింది. "బాగా రాశానండీ" అంది. బాగా రాశామని చెప్పేవాళ్లని నేను నమ్మను. అయినా సంతోషమేసింది.

మార్చి 6, గురువారం

ఇరవై ప్రశ్నల గ్రామర్ పేపరు దిద్దడం నా పని. మిగతా ముప్ఫై మార్కులది కొత్త టీచరు. పేపర్ల మీద పేర్లుండవు, నంబర్లే.

నా పద్ధతి నాది. ప్రశ్నకి నాలుగు గళ్లు, అందులో ఒక దాంట్లో టిక్కు పెడతారు. పాత కేలండర్ అట్ట తీసుకుని, సరైన గడి ఎక్కడుందో అక్కడ చిల్లు పొడుస్తాను. ఆ అట్ట పేపరు మీద పెట్టి, చిల్లుల్లోంచి కనిపించే టిక్కులు లెక్కపెట్టడమే. తిరగేసి పెట్టకుండా కుడి చేతి పై మూల కత్తిరిస్తాను. ఇవాళ కత్తెర కనబడలేదు. ఇరవై ఏడేళ్లుగా చేస్తున్నదాన్ని, ఏ వైపు పైకో నాకు తెలియదా!

ముందు మిగతా మూడు స్కూళ్ల కట్ట పూర్తి చేశాను. ఇరవై నాలుగు పేపర్లు. పన్నెండు, తొమ్మిది, పదిహేను, అలా ఉన్నాయి. మా స్కూలు కట్ట విప్పబోతుంటే ప్రిన్సిపాల్ వచ్చాడు. కొత్త టైమ్‌టేబులుకి నాకు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలట. పేపర్లు దిద్దుతున్న మనిషి ముందుకొచ్చి!

"తర్వాత చూద్దాం" అన్నాను.

"ఫార్మాలిటీయేగా మేడం, రెండు నిమిషాలు" అని నవ్వాడు.

అట్ట విసిరికొట్టాను. ఆ మూలకెళ్లి పడింది. సంతకం పెట్టాను. పెట్టాను! ఎందుకు పెట్టానో దేవుడికి తెలియాలి. ఆయన వెళ్లాక అట్ట తెచ్చుకుని మా కట్ట దిద్దాను. పదకొండు పేపర్లు. అంతా మొద్దుల సంత! ఇరవైకి నాలుగు, మూడు, ఆరు, రెండు. ఒక పేపరుకైతే ఒకటి. ఒకే ఒక్కటి! పెన్ను కాగితంలో దిగబడేలా ఆ ఒకటి వేశాను. వీళ్లకి చదువెందుకు, పరీక్షలెందుకు? వీళ్లని చూసే ఆ నవ్వులమనిషి గ్రామర్ ఎత్తేస్తానంటున్నాడు.

ఆయమ్మది పదిహేను వచ్చిన పేపరయి ఉంటుంది. కట్టలు కలిసిపోయి ఉంటాయి.

మార్చి 11, మంగళవారం

ఆ ఒకటి ఆయమ్మది.

నోటీసు బోర్డు మీద చూశాను. కొత్త టీచరు వేసిన మార్కులు ముప్ఫైకి ఇరవై మూడు, నేను వేసింది ఒకటి. మొత్తం ఇరవై నాలుగు. పాసుకి ముప్ఫై కావాలి. అభ్యంతరాలుంటే పద్దెనిమిదో తారీఖు సాయంత్రం నాలుగింటిలోగా ఇవ్వాలని కింద రాశారు.

నా ఏడాది మధ్యాహ్నాలు! చల్లారిన అన్నం తిన్న మధ్యాహ్నాలు! స్టాఫ్ రూములో నీళ్లు పెడుతుంటే ఆయమ్మని పట్టుకున్నాను. ఎంతమంది ఉన్నారో కూడా చూసుకోలేదు.

"ఒకటా? ఇరవైలో ఒకటా? ఏం పొడిచావు అక్కడ కూర్చుని?"

"సరిగ్గానే పెట్టాననుకున్నానండీ."

"సరిగ్గా పెడితే ఒకటెలా వస్తుంది?"

"నాకూ తెలియట్లేదండీ. మీరు చెప్పినట్టే, ముందు కర్తని పట్టుకునే పెట్టాను. పంతొమ్మిదయినా..."

"నోరు ముయ్యి! రాయడం రాకపోగా అబద్ధాలు కూడానా? అబద్ధాలకోరుదానికా నేను ఏడాదంతా చెప్పింది?"

జగ్గులో నీళ్లు కిందికి పోతున్నాయి, ఆయమ్మ చూసుకోలేదు. కొత్త టీచరు లేచి వెళ్లి జగ్గు అందుకుంది. ఆ పిల్ల నన్ను చూసిన చూపుకి ఇంకా ఒళ్లు మండింది.

నేనన్నదాంట్లో తప్పేముంది? చదువు చెప్పినవాళ్లకి ఆమాత్రం అనే హక్కు ఉండదా?

మార్చి 12

నా బల్ల మీద ఆయమ్మ ప్రశ్నపత్రం పెట్టి వెళ్లింది. పరీక్షలో పెట్టిన జవాబులకి పెన్సిలు గుర్తులున్నాయి. ఇరవైలో పంతొమ్మిది కరెక్టు.

ఇంటికెళ్లి పుస్తకం చూసి పెట్టుకుని ఉంటుంది. నన్ను మోసం చేద్దామని. సంచిలో పడేశాను.

మార్చి 13

ఆయమ్మ ఇవాళ నా బల్ల తుడవలేదు. తుడవకపోతే నాకేం, చీర కొంగుతో నేనే తుడుచుకున్నాను.

మార్చి 14, శుక్రవారం

మా ఆయన కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీస్తారు. రోజంతా చుక్కలూ గీతలూ కొలిచే మనిషి. ఇంటికొచ్చాక నా మాటలు ఒక చెవితో వింటారు. నాలుగు రోజులుగా ఇంట్లో ఇదే గోల. ఇవాళ భోజనాల దగ్గర ఉన్నట్టుండి అడిగారు.

"ఒక్కో ప్రశ్నకి ఎన్ని గళ్లన్నావు?"

"నాలుగు."

"కళ్లు మూసుకుని పెట్టినా ఇరవైలో అయిదు తగలాలే. ఒకటే తెచ్చుకోవాలంటే అన్నీ వచ్చి, కావాలని పక్క గడిలో పెట్టి ఉండాలి. మీ ఆయమ్మకి నీ మీద అంత పగేంటి?"

జోకు వేశాననుకుని నవ్వారు. నేను కంచం ముందు నుంచి లేచిపోయాను. "ఏమన్నాను ఇప్పుడు?" అని వెనకనుంచి అంటున్నారు.

సంచిలోంచి అట్ట తీశాను. నాలుగు మూలలూ నిక్షేపంగా ఉన్నాయి. రెండు వైపులా ఒకే తెలుపు.

జవాబుల కాగితం ఒకటి ఖాళీది ఉంది. సంచిలోనే ఉండిపోయిన ఆయమ్మ ప్రశ్నపత్రం చూసి, అందులో ఉన్నవి ఉన్నట్టు టిక్కులు పెట్టాను. అట్ట పెట్టాను. పంతొమ్మిది. తిరగేసి పెట్టాను. ఒకటి.

మళ్లీ పెట్టాను. పంతొమ్మిది. తిరగేశాను. ఒకటి.

ఇంటికెళ్లి దిద్దుకుని ఉంటే ఆ ఒక్క తప్పు కూడా దిద్దుకునేది.

మార్చి 15

తలనొప్పి. సెలవు పెట్టాను.

మార్చి 16, ఆదివారం

ఆరో తారీఖు పేజీ చదివాను. అంతా నా చేతిరాతలోనే ఉంది. కత్తెర కనబడలేదని, అట్ట విసిరికొట్టానని, ఒకటి వేసేటప్పుడు పెన్ను దిగబడిందని. ఎంత గొప్పగా రాసుకున్నానో!

ఆ మనిషి సంతకం కోసం రాకపోతే ఇది జరిగేదే కాదు. తప్పు ఆయనది. కత్తెర తీసుకెళ్లి తిరిగి ఇవ్వనివాళ్లది. తొందరగా దిద్దమని ప్రాణం తోడిన మేనేజ్‌మెంటుది. పదకొండు పేపర్లు వరసగా అంత అన్యాయంగా ఉంటే నాకు అనుమానం రావద్దూ? ఎవరికైనా వస్తుంది. నాకు కోపం వచ్చింది.

ఎవరో ఒకరు అభ్యంతరం కాగితం పెడతారు. ఆయమ్మే పెడుతుంది. అప్పుడు పేపర్లు బయటికి తీస్తారు, దానంతటదే సరిపోతుంది. నేను నోరు విప్పక్కర్లేదు.

మార్చి 17, సోమవారం

మెట్ల దగ్గర ఆయమ్మని ఆపాను.

"మళ్లీ దిద్దమని కాగితం పెట్టావా?"

"లేదండీ."

"ఎందుకు పెట్టలేదు? రేపటితో గడువు అయిపోతుంది."

"దిద్దింది మీరు కదండీ. పెడితే మిమ్మల్ని అనుమానించినట్టుంటుంది. ఈ స్కూల్లో నాకు అక్షరం ముక్క చెప్పింది మీరొక్కరే."

ఇంత మంచితనం ఎవరడిగారు ఈ మనిషిని? ఆ చేత్తోనే ఒక కాగితం ముక్క రాసి పడేస్తే నా పీడ విరగడయ్యేది కదా! నేరుగా ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను.

చెప్పాను. అట్ట చూపించాను, తిరగేసి కూడా చూపించాను. ఆయన నవ్వడం ఆపాడు. మొదటిసారి ఆ మొహం నవ్వు లేకుండా చూశాను.

"ఎవరైనా కంప్లయింటు చేశారా మేడం?"

"లేదు."

"మరింకేం? లిస్టు మేనేజ్‌మెంటుకి వెళ్లిపోయింది. ఇప్పుడు మీరు కదిపితే ముందు పోయేది మీ పరువు. పేపర్లు దిద్దడమే రాని టీచరంటారు. నన్నూ అంటారు." మళ్లీ నవ్వు వచ్చేసింది. "టైమ్‌టేబులు ఇంకా ఫైనల్ చెయ్యలేదండీ. గ్రామర్‌కి వారానికి రెండు పీరియడ్లు ఉంచవచ్చేమో, ఆలోచిస్తాను."

నేను వద్దనలేదు. సరే అని కూడా అనలేదు. అట్ట సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

వారానికి రెండు పీరియడ్లు. ఆరు సెక్షన్లు. ఏటా మూడు వందల మంది పిల్లలు. ఆయమ్మ ఒక్కతి. నేను పిల్లల కోసమే ఆలోచిస్తున్నాను, నా కోసం కాదు.

నా కోసం కాదు.

మార్చి 18, మంగళవారం

మూడున్నరకి రెండో అంతస్తు నుంచి దిగుతున్నాను. మలుపులో మెట్టు మీద ఆయమ్మ కూర్చుని ఉంది. పక్కన బకెట్టు. ఒళ్లో నేను రాయించిన నోటుబుక్కు, చేతిలో పెన్సిలు. నన్ను చూసి లేవబోయింది. మోకాలు సహకరించక మళ్లీ కూర్చుంది.

"నాలుగు రోజుల నుంచి చూస్తున్నానండీ. ఎక్కడ తప్పానో ఒక్కటే దొరికింది, పన్నెండోది. మిగతా పద్దెనిమిది కనబడట్లేదు. మీరు కోపం చేసుకోకుండా చెప్పండి మేడం. ఇంక పరీక్ష రాయనివ్వరనుకోండి. అయినా తెలుసుకోవాలి కదా."

నోటుబుక్కు నా వైపు తిప్పింది. ప్రశ్నపత్రం నా బల్ల మీద పెట్టేముందే ప్రశ్నలన్నీ అందులో ఎక్కించుకుంది. ఒక్కో వాక్యం కింద కర్తకి గీత, క్రియకి గీత. సరిగ్గా పెట్టినవాటిని కూడా కొట్టేసి, మార్చి, మళ్లీ కొట్టేసింది. నేను ఏడాది కూర్చుని నేర్పిందాన్ని నాలుగు రోజుల్లో నేనే పాడుచేశాను.

"అవేవీ తప్పులు కాదు" అన్నాను.

"అయ్యో, ఊరికే అనకండి మేడం."

"కాదంటుంటే!" అని అరిచాను. ఆ మెట్ల మీద నా గొంతు నాకే వినబడింది. అప్పుడు కూడా అరుపే వచ్చింది నాకు.

ఆఫీసుకి వెళ్లి కౌంటరు దగ్గర నుంచునే రాశాను. మా స్కూలు కట్ట మొత్తం తిరగేసిన అట్టతో దిద్దాననీ, బాగా రాసినవాళ్లకే తక్కువ వచ్చిందనీ, ఈ తప్పు పూర్తిగా నాదేననీ. ఎవరూ వచ్చి నా పని చెడగొట్టారని రాయలేదు. రాయాలనిపించింది. మూడు ముక్కలు రాసి కొట్టేశాను. నాలుగుకి అయిదు నిమిషాలుండగా ముద్ర వేయించుకుని, కాపీ నేరుగా మేనేజ్‌మెంటుకి పంపాను.

ప్రిన్సిపాల్ గుమ్మంలోకొచ్చి, "మీ ఇష్టం మేడం" అన్నాడు. పీరియడ్లు రెండూ పోయాయి. పోతే పోనీ. వాటికోసం ఒక రోజంతా బేరమాడుకున్నాను నాలో నేను. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మార్చి 20

మా కట్ట మళ్లీ దిద్దారు. నేను కాదు, కొత్త టీచరు. అట్ట లేకుండా ఒక్కొక్కటీ చూసి దిద్దింది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టారు, దొంగని కూర్చోబెట్టినట్టు. ఆయమ్మకి పంతొమ్మిది. మొత్తం నలభై రెండు. నాలుగు స్కూళ్లలోనూ మొదటిది.

మార్చి 21, శుక్రవారం

లిస్టు పెట్టారు. సోమవారం నుంచి ఆయమ్మకి ఆఫీసులో కుర్చీ. నేనే చెప్పాలని పొద్దున్నే వెళ్లాను. కాళ్లకి దండం పెడుతుందేమో, వద్దని ఎలా ఆపాలా అని దారంతా ఆలోచించుకుంటూ వెళ్లాను. నిజం రాసుకుంటున్నాను, అలాగే ఆలోచించాను.

చాక్‌పీసుల గదిలో ఉంది. చెప్పాను. అట్ట సంగతి కూడా చెప్పాను. అంతా విన్నది. చేతిలో గుడ్డ పిండి తీగ మీద ఆరేసింది.

"అంటే నేను సరిగ్గానే రాశానన్నమాట."

"అవును."

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"పోయిన శుక్రవారం."

వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. నావైపు తిరిగింది. "సోమవారం మెట్ల దగ్గర కాగితం పెట్టావా అని అడిగారు. అప్పటికే తెలుసు మీకు. మంగళవారం నేను పుస్తకం పట్టుకుని అడిగేదాకా కూడా తెలుసు."

"చెబుదామనే..."

"మార్కుల సంగతి వదిలేయండి మేడం. పొరపాటు ఎవరికైనా వస్తుంది. మీరు నన్ను అబద్ధాలకోరన్నారు. పదిహేనేళ్లుగా ఈ స్కూలు తాళాలన్నీ నా దగ్గరే ఉంటాయి. ఒక్కరు, ఒక్కరు ఆ మాట అనలేదు నన్ను. ఇంటికెళ్లి మా అత్తగారి మొహం, మా అమ్మాయి మొహం చూడలేకపోయాను. నేనే తప్పు రాసి మర్చిపోయానేమో, నాకే మతి పోయిందేమో అనుకున్నాను."

"తెలిసింది కదా ఇప్పుడు" అన్నాను.

"నాకు తెలిసింది. మీరన్నది అందరి ముందూ. చెప్పేది కూడా అందరి ముందూ చెప్పండి."

నాకు చెబుతోందా, నేను అక్షరాలు దిద్దించిన మనిషి? ఉత్తరం రాయలేదూ? ఊరందరికీ తెలిసేలా తప్పు ఒప్పుకోలేదూ? పీరియడ్లు పోగొట్టుకోలేదూ? ఇంకా ఏం కావాలట? గట్టిగా తలుపేసి వచ్చేశాను.

మార్చి 22

మా ఆయనతో చెప్పాను. అద్దం గుడ్డతో తుడుస్తూ, "అడిగినదాంట్లో తప్పేముంది?" అన్నారు. ఇద్దరం మాట్లాడుకోవడం లేదు.

మార్చి 23

ఉత్తరంలో ఎక్కడా ఆ మాట లేదు. అట్ట గురించి రాశాను, కట్ట గురించి రాశాను. తిట్టిన సంగతి రాయలేదు. మర్చిపోయి కాదు.

మార్చి 24, సోమవారం

అన్నాల గంటలో స్టాఫ్ రూము నిండుగా ఉంది. పద్నాలుగు మంది. ఇవాళ లెక్కపెట్టాను. ఆయమ్మ ఆఫీసు రిజిస్టరు పట్టుకుని సంతకాల కోసం వచ్చింది. ఇంకా పాత చీరే. జగ్గులో నీళ్లు అయిపోతే అలవాటుగా అది కూడా చేతిలోకి తీసుకుంది.

లేచి నుంచున్నాను. కొత్త టీచరు డబ్బా మూత పెట్టేసింది. ప్రిన్సిపాల్ కిటికీ దగ్గర ఉన్నాడు. నవ్వుతున్నాడో లేదో చూడలేదు.

"పదకొండో తారీఖున ఇక్కడ అందరి ముందూ ఈవిడని నానా మాటలూ అన్నాను," అన్నాను. ఆవిడ వైపు తిరిగాను. "మీరు సరిగ్గానే రాశారు. తప్పు నాది. నాకు తెలిశాక కూడా నాలుగు రోజులు దాచాను. క్షమించండి."

ఆవిడ అలాగే చూస్తోంది. చాలదని అర్థమైంది నాకు. ఆ ఒక్క మాట నోట్లోంచి బయటికి రావడం ఎంత కష్టమో, అన్న రోజున ఎంత సుళువుగా వచ్చిందో!

"అబద్ధాలకోరని కూడా అన్నాను. మీరు అబద్ధమాడలేదు. ఆడింది నేను."

ఆవిడ తల ఊపింది. రిజిస్టరు నా ముందు పెట్టి, సంతకం పెట్టాల్సిన చోటు వేలితో చూపించింది. పెట్టాను.

"కుర్చీ వచ్చిందని మా ఇంట్లో ఇంకా చెప్పలేదండీ," అంది మెల్లిగా. "ఇవాళ వెళ్లి చెబుతాను."